కొంటాలో కెమెరా కొంటే

కోర్టుకు లాగినవాడినే కొనేసుకోవడం వ్యాపారంలో కొత్త కాదు. 2022 మేలో అమెరికా కంపెనీ రెడ్, జపాన్ కంపెనీ నికాన్‌పై దావా వేసింది. నికాన్ తన జడ్9 కెమెరాలో వాడిన రా వీడియో కుదింపు పద్ధతి తన పేటెంటు పరిధిలోకి వస్తుందన్నది రెడ్ ఫిర్యాదు. 2023 ఏప్రిల్‌లో ఇరుపక్షాలూ రాజీపడి కేసు ముగించుకున్నాయి. ఏడాది తిరక్కముందే, 2024 మార్చి 7న, రెడ్‌ను మొత్తంగా కొంటున్నట్టు నికాన్ ప్రకటించింది. ఈ వియ్యం తర్వాత రెండు కంపెనీలూ కలిసి రూపొందించిన తొలి కెమెరా జడ్‌ఆర్. 2025 సెప్టెంబర్ 10న దాన్ని ప్రకటించారు. అమెరికాలో ధర 2,199 డాలర్ల 95 సెంట్లు, అంటే మన లెక్కలో రెండు లక్షల రూపాయలకు కాస్త అటూ ఇటూ. లెన్సు అదనం.

ఆ ధరకు అందుతున్న సరుకు చూస్తే పదిహేనేళ్ల కిందటి ఛాయాగ్రాహకుడు నమ్మడు. 35 ఎంఎం స్టిల్ ఫిల్ము ఫ్రేమంత సెన్సర్, 6కె చిత్రం, చేతి వణుకును సర్దే యంత్రాంగం, నాలుగు అంగుళాల తెర, బ్యాటరీ కార్డు లేకుండా అరకిలో దాటి కొద్దిగా బరువు. వీటన్నిటికీ మించి రెడ్ సొంత రా పద్ధతికి దగ్గరి చుట్టమైన ఆర్3డి ఎన్‌ఈ అనే ఫైలు రూపం. సెన్సర్ పట్టిన సమాచారాన్ని కెమెరాలోనే వండి వార్చకుండా పచ్చిగా దాచిపెట్టడాన్ని రా అంటారు. రంగులు, వెలుగునీడలు తర్వాత ఎడిటింగ్ బల్ల మీద తీరిగ్గా దిద్దుకోవచ్చు. పెద్ద సినిమాల సౌకర్యం చిన్నవాళ్లకూ వచ్చిందన్నది కంపెనీ ప్రచారం. ప్రపంచమంతా సమీక్షకులు స్టూడియో దీపాల కింద, ఐరోపా వీధుల్లో దీన్ని పరీక్షించి మార్కులేశారు.

ఈ కెమెరాను ఎవరికోసం చేశామంటున్నారో ఆ స్వతంత్ర చిత్రకారుడు మాత్రం స్టూడియోలో ఉండడు. దీన్ని కొంటాలో పెట్టి చూడాలి.

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, శబరి ఒడ్డున ఉన్న ఊరు కొంటా. నది దాటితే ఒడిశాలోని మోటు. రోడ్డు పట్టుకుని దక్షిణానికి దిగితే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు. జగదల్‌పూర్ నుంచి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి ఛత్తీస్‌గఢ్‌ను ఇక్కడే వదిలిపెడుతుంది. 2012లో సుక్మా జిల్లా ఏర్పడేదాకా దంతెవాడలో, అంతకుముందు అవిభక్త బస్తర్‌లో భాగం. పేరుకు హిందీ రాష్ట్రమే గానీ బజారులో తెలుగు నడుస్తుంది. సంతకొచ్చిన దోర్లాలు మాట్లాడే దోర్లీ ఇటు కోయకు, గోండీకి చుట్టం. తెలుగు మాటలు అందులో పాలలో నీళ్లలా కలిసిపోయి ఉంటాయి. వేసవిలో తునికాకు, ఇప్పపువ్వు, చింతపండు, వానాకాలంలో వరద. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు, కూనవరం దగ్గర కలవాల్సిన శబరి వెనక్కి ఎగదన్ని కొంటాను ముంచెత్తింది. ఇక 2005లో మొదలైన సల్వాజుడుం రోజుల్లో ఈ ఊరు శిబిరాల ఊరు. ఇటునుంచి వేలమంది నాటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వలసపోయారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ ప్రయోగాన్ని చెల్లదని కొట్టేసింది. వలస వెళ్లినవాళ్ల కథ మాత్రం అక్కడితో ముగియలేదు.

సినిమాకు కావలసిన సరంజామా అంతా ఇక్కడుంది. లేనిది ఇక్కడివాళ్ల చేతిలో కెమెరా.

బస్తర్‌కు కెమెరా రాలేదని కాదు. చాలా ముందే వచ్చింది. స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డోర్ఫ్ 1950లలో నారాయణ్‌పూర్ ప్రాంతంలోని గఢ్‌బెంగాల్‌లో మకాం వేసి మురియా గోండుల మధ్య సినిమా తీశాడు. 1957లో విడుదలైన ఆ చిత్రం స్వీడిష్ పేరు ‘ఎన్ యూంగెల్‌సాగా’. రంగుల్లో, వెడల్పాటి అగాస్కోప్ తెర కోసం తీశాడు. సంగీతం రవిశంకర్. పులితో ఆడుకునే పదేళ్ల కుర్రాడు చెంద్రూ ఐరోపాలో పేరు మోగిపోయాడు. అతన్ని స్వీడన్ తీసుకెళ్లి కొంతకాలం ఉంచుకుని వెనక్కి పంపారు. సుక్స్‌డోర్ఫ్ భార్య ఆస్ట్రిడ్ ఆ పిల్లాడిపై రాసిన బొమ్మల పుస్తకం పలు భాషల్లోకి వెళ్లింది. చెంద్రూ 2013లో పేదరికంలోనే చనిపోయాడు. తర్వాత వార్తా చానెళ్ల కెమెరాలు వచ్చాయి, ఎదురుకాల్పులు జరిగినప్పుడల్లా. దండకారణ్యంలో ఎన్నికల నేపథ్యంలో అమిత్ మసూర్కర్ తీసిన ‘న్యూటన్’ 2017లో ఆస్కార్‌కు భారతదేశపు అధికారిక ఎంట్రీగా వెళ్లింది. అది మంచి సినిమానే. అయినా అందులో కథ నడిపే చూపు బయటినుంచి వచ్చిన ఎన్నికల అధికారిదే.

కెమెరా ధర తగ్గినప్పుడల్లా ‘ఇక ఎవరైనా సినిమా తీయొచ్చు’ అన్న మాట వినబడుతూనే ఉంది. 2007లో రెడ్ వన్ చేతికందినప్పుడు దాని ధర 17,500 డాలర్లు. అప్పటి డిజిటల్ సినిమా కెమెరాల పక్కన అది చవక కిందే లెక్క. 2008లో కెనాన్ తన స్టిల్ కెమెరా 5డి మార్క్ 2కు వీడియో తగిలించింది. 2011లో రామ్‌గోపాల్ వర్మ అలాంటి 5డి కెమెరాలతో, వేళ్లమీద లెక్కపెట్టదగ్గ సిబ్బందితో ‘దొంగల ముఠా’ను అయిదు రోజుల్లో చుట్టేశాడు. సినిమా ఎలా ఉందన్నది వేరే సంగతి; తీయొచ్చని తేలింది. 2012లో బ్లాక్‌మ్యాజిక్ సినిమా కెమెరా 2,995 డాలర్లకు వచ్చింది, మరుసటేడు దాని పాకెట్ రూపం 995కే. అంటే రెండువేల డాలర్ల కెమెరా అన్నది ఇవాళ్టి విప్లవం కాదు, అది పుష్కరం కిందటే అయిపోయింది. అయినా దోర్లీలో తీసిన సినిమా పేరు చెప్పమంటే ఎంతమంది చెప్పగలరు? ధర ఒక్కటే అడ్డంకి అయితే ఈపాటికి అది తొలగిపోయి ఉండాలి.

కాబట్టి జడ్‌ఆర్‌ను ధరను బట్టి కాక, కొంటాలో షూటింగు ఇరవయ్యో రోజున ఏమవుతుందన్నదాన్ని బట్టి తూచాలి. బొమ్మతో మొదలుపెడితే పెద్దగా వంకలు దొరకవు. ఆర్3డి ఎన్‌ఈలో ఈ సెన్సర్‌కు రెండు మూల ఐఎస్‌ఓలున్నాయి: 800, 6400. మొదటిది పగటి వెలుగుకు, రెండోది చీకటికి. టేకు, మద్ది చెట్ల నీడలో, పొద్దుగూకాక సంతలో వెలిగే ఒంటి బల్బు కింద, భూమి పండుగ రాత్రి నెగడు చుట్టూ జరిగే ఆటలో ఈ రెండోది ఆదుకుంటుంది. దీపాలూ జనరేటరూ మోసుకెళ్లే పని తప్పితే సగం యూనిట్టు తగ్గినట్టే. యూనిట్టు తగ్గితే ఊళ్లో జనం కెమెరా ముందు బిగుసుకుపోవడమూ తగ్గుతుంది. అడవి బాటలో మనిషి వెనక నడుస్తూ తీయాలంటే చేతి వణుకును సర్దే యంత్రాంగం ఉంది. ట్రాలీ పట్టాలు పరచడానికి అక్కడ చదును నేలెక్కడిది?

ఇబ్బందులు ఎండతో మొదలవుతాయి. నికాన్ తన కెమెరాలకు సాధారణంగా చెప్పే పని ఉష్ణోగ్రత గరిష్ఠంగా 40 డిగ్రీలు. మే నెలలో భద్రాచలం నుంచి కొంటా దాకా మధ్యాహ్నం ఆ గీత దాటడం మామూలే. జడ్‌ఆర్‌లో ఫ్యాను లేదు. ఫ్యాను లేకపోవడం వల్ల రెండు లాభాలు: శబ్దం ఉండదు, దుమ్ము లోపలికి పీల్చుకోదు. నష్టం ఒక్కటే, కానీ పెద్దది: లోపలి వేడి ఒంటినుంచే మెల్లగా బయటికి పోవాలి. తునికాకు కల్లంలో పట్టపగలు గంటల తరబడి ముఖాముఖి తీయాలనుకునేవాళ్లు దీన్ని నమ్ముకోకూడదు. తునికాకు కోసేవాళ్లు కూడా తెల్లవారుజామునే అడవికి పోయి పొద్దెక్కేసరికి తిరిగొస్తారు. వాళ్ల వేళలే పాటిస్తే కెమెరాకూ మంచిదే.

కన్ను పెట్టి చూసే కంటిగొట్టం దీనికి లేదు. ఉన్నదల్లా వెనక తెరే. ప్రకాశం వెయ్యి నిట్లు అంటున్నారు. ఫోన్ల లెక్కన చూస్తే మంచిదే, కానీ శబరి ఇసుక తిన్నెల మీద మిట్టమధ్యాహ్నం ఏ తెరా కనబడదు. తలమీద తువ్వాలు కప్పుకుని చూడాల్సిందే. తొలినాటి ఫొటోగ్రాఫర్లు నల్లగుడ్డలో తల దూర్చినట్టు! బయటి మానిటర్ తగిలించుకుందామంటే ఇచ్చింది మైక్రో హెచ్‌డీఎంఐ రంధ్రం, గోటికంటే చిన్నది. జీపు కుదుపుకు తీగ లాగితే ఊడిపోయే సరుకు. సినిమా కెమెరా అని పేరు పెట్టి ఇలాంటి దగ్గర పొదుపు చేయడం నికాన్‌కు తగదు.

కరెంటు సంగతి కొంత మెరుగు. బ్యాటరీ నికాన్ పాత రకమే, 16 వాట్-అవర్లది. స్టిల్ కెమెరాలవాళ్ల దగ్గర ఎక్కడైనా ఉంటుంది. యూఎస్‌బీ-సి తీగతో కూడా ఛార్జవుతుంది. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉండే పవర్‌బ్యాంకులో నిజానికి ఉండేది 74 వాట్-అవర్లు. దారిలో పోయేది పోగా అలాంటి ఒక్క పవర్‌బ్యాంకు ఇంచుమించు నాలుగు బ్యాటరీలు నింపుతుంది. కరెంటు పోతే ఓ రాత్రి గడుస్తుంది. చిన్న సౌర పలక తోడుంటే ఇంకొన్నాళ్లు.

ఇక రెడ్ రా. కంపెనీ ప్రకటనల్లో పెద్దక్షరాల్లో ఉన్నది ఇదే. కొంటాలో మొదట కట్టేయాల్సిందీ ఇదే. రెడ్ సొంత కెమెరాల్లో రా ఫైలును ఎంత కుదించాలో ఎంచుకునే వీలుంది. నికాన్‌కు ఇచ్చిన ఈ రూపంలో ఆ ఎంపిక లేదు, ఉన్నదొకటే స్థాయి. పైగా అది సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ అనే ఖరీదైన కార్డులోకే వెళ్తుంది. పక్కనే మైక్రో ఎస్‌డీ స్లాటు కూడా ఉంది, కానీ ఆ కార్డు వేగం రాకు చాలదు.

లెక్క వేసి చూస్తే విషయం బోధపడుతుంది. రా కంటే ఒక మెట్టు దిగువన ఉండే ప్రోరెస్ 422 హెచ్‌క్యూలో, 4కెలో, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తే గంటకు 318 జీబీ. డాక్యుమెంటరీకి 30 గంటలు తీయడం ఎక్కువేమీ కాదు. దోర్లీ మాట్లాడే పెద్దాయన అసలు విషయానికి రావడానికే ఓ పూట పడుతుంది మరి. 30 గంటలంటే తొమ్మిదిన్నర టీబీ. ఒకే ప్రతి ఉంచుకుంటే అది ఉన్నట్టు కాదు గనుక రెండో ప్రతి తప్పదు: 19 టీబీ. రాలో అయితే ఇంకా ఎక్కువ. ఇదంతా రాత్రి కరెంటు ఉన్న గంటల్లో కాపీ కావాలి, మర్నాటికి కార్డులు ఖాళీ కావాలి. అదే హెచ్.265 అనే కుదించిన రూపంలో, సెకనుకు 200 మెగాబిట్లు అనుకుంటే గంటకు 90 జీబీ. 30 గంటలకు 2.7 టీబీ. చేతిలో పట్టే రెండు డిస్కుల్లో రెండు ప్రతులు వచ్చేస్తాయి. ఒకటి కొంటాలో ఉంచి రెండోది బస్సులో భద్రాచలమో హైదరాబాదో పంపేయొచ్చు. శబరి మళ్లీ ఎగదన్నిన రోజున ఆ రెండో ప్రతే సినిమాను కాపాడుతుంది.

రా వల్ల రంగులు దిద్దే వెసులుబాటు నిజమే. సినిమాలో ఒకటి రెండు ఘట్టాలకు, పొగమంచు ఉదయానికో నెగడు వెలుగుకో, దాన్ని వాడుకోవచ్చు. మిగతాదంతా 10 బిట్ హెచ్.265లో తీసినా తెరమీద ప్రేక్షకుడు తేడా పట్టలేడు. పట్టగలిగే ప్రేక్షకుడు ఉంటే అతను మరో ఛాయాగ్రాహకుడై ఉంటాడు. చేతికొచ్చిన ప్రతిదీ రాలో తీసి, డిస్కుల డబ్బుల్లేక, పదో రోజున పాత షాట్లు చెరిపేసి కొత్తవి తీసుకునే పరిస్థితి రావడం కంటే పేద సినిమాకు పెద్ద ప్రమాదం లేదు.

ప్రకటనల్లో చిన్నక్షరాల్లో ఉన్న ఇంకో సంగతి ఉంది. దాన్ని గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. శబ్దాన్ని ఈ కెమెరా 32 బిట్ ఫ్లోట్ అనే పద్ధతిలో దాస్తుంది. బయటి మైకు తగిలించినా సరే, కెమెరాలో ఉన్న మైకులతో అయినా సరే. 2024లో వచ్చిన పానాసోనిక్ జీహెచ్7లోనూ ఈ సదుపాయం ఉంది గానీ దానికి విడిగా అమ్మే అడాప్టర్ తగిలించాలి.

మామూలుగా శబ్దం పట్టేటప్పుడు ఒక మనిషి హెడ్‌ఫోన్ పెట్టుకుని స్థాయి సరిచూస్తూ ఉండాలి. మెల్లగా మాట్లాడే గొంతుకోసం స్థాయి పెంచి ఉంచితే, మధ్యలో ఎవరైనా గట్టిగా అరిచినప్పుడు ఆ శబ్దం పగిలిపోతుంది. పగిలిన శబ్దాన్ని తర్వాత ఎవరూ అతికించలేరు. అరుపు కోసం తగ్గించి ఉంచితే గొణుగుడు హోరులో కలిసిపోతుంది. పెద్ద యూనిట్లలో దీనికోసమే ఒక సౌండ్ రికార్డిస్టు ఉంటాడు. 32 బిట్ ఫ్లోట్‌లో అంకెలు రాసే తీరే వేరు. అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ ఒకే ఫైలులో చోటుంటుంది. భూమి పండుగలో కొమ్ములు కట్టుకుని ఆడేవాళ్ల డోలు మోత, ఆ వెంటనే గట్టు మీద కూర్చున్న ముసలమ్మ పక్కావిడ చెవిలో చెప్పే మాట, రెండూ ఒకే షాట్లో వస్తాయి. తర్వాత ఒకటి తగ్గించి ఒకటి పెంచుకోవచ్చు. స్థాయి తప్పుగా పెట్టడం అనే పొరపాటు చాలావరకు లేకుండా పోతుంది.

ఒంటరిగా తీసే మనిషికి ఎక్కడైనా ఇది మేలే. కొంటాలో మేలు ఇంకాస్త ఎక్కువ కావడానికి కారణం భాష. తెలుగు సినిమా దశాబ్దాలుగా డబ్బింగు మీద బతికింది. షూటింగులో ఎవరేం మాట్లాడినా తర్వాత థియేటర్లో కూర్చుని చక్కగా చెప్పించుకోవచ్చు. నాయికకు గొంతు అరువిచ్చేవాళ్లు హైదరాబాద్‌లో, చెన్నైలో కావలసినంత మంది. దోర్లీకి అలాంటి గొంతు ఎక్కడ దొరుకుతుంది? వాక్యం సగం దోర్లీలో మొదలై, బేరం మాట తెలుగులోకి, అధికారి ప్రస్తావన హిందీలోకి మారే ఆ మాటను స్టూడియోలో ఎవరు తిరిగి చెప్పగలరు? అక్కడ, ఆ క్షణాన, ఆ మనిషి నోట వచ్చిందే సినిమా. అది పోతే మరోసారి చెప్పించుకోవడం కుదరదు. చెప్పినా అదే మాట రాదు. 2018లో వెంకటేశ్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ను ఆ ఊరి మనుషులతోనే, అక్కడికక్కడ పట్టిన శబ్దంతోనే తీశాడు. ఆ చిత్రం ప్రేక్షకుల గుండెలకు తాకిందంటే అందులో కెమెరా వాటా ఎంతో చెప్పడం కష్టం గానీ, ఆ యాస వాటా మాత్రం చిన్నది కాదు.

బస్తర్‌లో జనం చేతికి మాధ్యమం అందిన ఒక ముఖ్య సందర్భం కూడా బొమ్మది కాదు, గొంతుదే. శుభ్రాంశు చౌధరి 2010లో మొదలుపెట్టిన సీజీనెట్ స్వరలో మామూలు ఫోను నుంచి ఒక నంబరుకు చేసి గోండీలోనో హిందీలోనో తమ సమస్య చెప్పుకోవచ్చు. ఇతరులు చెప్పింది వినొచ్చు. బోరింగు పనిచేయడం లేదనో, ఉపాధి హామీ కూలీ రాలేదనో తమ భాషలో చెప్పుకోవడానికి వాళ్లకు తెర అక్కర్లేకపోయింది.

అలాగని 32 బిట్ ఫ్లోట్‌ను మంత్రదండం అనుకోకూడదు. మైకు దూరంగా ఉంటే దూరపు శబ్దమే వస్తుంది, దాన్ని ఎన్ని బిట్లలో దాచినా సరే. గాలి హోరుకు, రేకుల కప్పు మీద వాన మోతకు మందు లేదు. మైకే తట్టుకోలేని శబ్దం మైకులోనే పగులుతుంది. పైగా జడ్‌ఆర్‌లో వృత్తి మైకులకు కావలసిన ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాలు లేవు, సన్నటి 3.5 ఎంఎం రంధ్రమే దిక్కు. అందువల్ల రెండో లెన్సు కొనే డబ్బులుంటే దాన్ని మానుకుని చొక్కాకు తగిలించే మంచి వైర్‌లెస్ మైకులు రెండు, బొచ్చు తొడుగున్న పొడుగాటి మైకు ఒకటి కొనుక్కోవడం మేలు. హెడ్‌ఫోన్ కూడా మరచిపోకూడదు. స్థాయి చూడక్కర్లేదన్న ధీమాతో అసలు వినడమే మానేసేవాళ్లు వైరు ఊడిపోయిన సంగతి రాత్రి కాపీ చేసేటప్పుడు గాని తెలుసుకోరు.

ఏ సమీక్షకుడూ పెద్దగా పట్టించుకోని లోటు ఇంకొకటుంది. ఈ కెమెరాలో తీసినదాన్ని కార్డు చేతికొచ్చిన ఎవరైనా చూడొచ్చు. ఫోన్లో ఉన్నట్టు తాళం ఉండదు. 2016 డిసెంబర్‌లో 150 మందికి పైగా డాక్యుమెంటరీ చిత్రకారులు, ఫొటో జర్నలిస్టులు నికాన్, కెనాన్, సోనీ, ఫుజీ, ఒలింపస్ కంపెనీలకు బహిరంగ లేఖ రాశారు. తీసిన దృశ్యాలు ఇతరుల చేతిలో పడితే అందులో ఉన్నవాళ్ల ప్రాణాల మీదికి వస్తోందని, కెమెరాల్లోనే సంకేతీకరణ సదుపాయం పెట్టాలని కోరారు. తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన జడ్‌ఆర్ ప్రచారంలో రంగుల గురించి పేజీలకు పేజీలున్నాయి, దీని ఊసు లేదు.

లండన్‌లో పెళ్లి వీడియోలు తీసేవాడికి ఇది అవసరం లేకపోవచ్చు. కొంటాలో పరిస్థితి వేరు. ఇక్కడ ఏళ్ల తరబడి ఒక ముఖం ఒక వీడియోలో కనిపించడమే నేరానికి రుజువు. అటు పోలీసులకు మావోయిస్టు సానుభూతిపరుడి జాబితా, ఇటు మావోయిస్టులకు ఇన్‌ఫార్మర్ల జాబితా. కెమెరా పట్టుకున్నవాళ్ల సంగతీ అంతంతే. 2024 ఆగస్టులో కొంటా ప్రాంతంలో ఇసుక అక్రమ తవ్వకాల వార్త కోసం వచ్చిన నలుగురు బస్తర్ విలేకరులను చింతూరు పోలీసులు కారులో గంజాయి దొరికిందంటూ అరెస్టు చేశారు. తమను కావాలనే ఇరికించారని విలేకరులు గగ్గోలు పెట్టారు. వాళ్లు బస చేసిన హోటల్ సీసీ కెమెరా దృశ్యాలు అప్పుడు కీలకమయ్యాయి. చివరికి కొంటా పోలీస్ స్టేషన్ అధికారే సస్పెండై అరెస్టయ్యాడు. 2025 జనవరిలో బీజాపూర్‌లో జర్నలిస్టు ముకేశ్ చంద్రాకర్ శవం సెప్టిక్ ట్యాంకులో దొరికింది. రోడ్డు పనుల్లో అవినీతిపై అతని కథనం వెలువడ్డాక జరిగిన హత్య అది.

తయారీదారు తాళం ఇవ్వలేదు గనుక చిత్రకారుడే చూసుకోవాలి. కార్డు ఏ రోజుకారోజు కాపీ చేసి, లాప్‌టాప్‌లో డిస్కుకు తాళం వేసి, కార్డును పూర్తిగా చెరిపి మర్నాడు బయల్దేరాలి. ముఖం చూపడానికి ఇష్టపడని మనిషిని వెనకనుంచో, చేతుల మీదో తీయాలి. తర్వాత బ్లర్ చేద్దాంలే అనుకుంటే అసలు ఫైలు ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది. దీనికీ కుదించిన ఫైళ్లే సుఖం. 90 జీబీకి తాళం వేయడం గంటలో పని, అయిదారు వందల జీబీలకు తెల్లవారిపోతుంది.

మరి కొనాలా వద్దా? బజారులో పోటీ గట్టిదే. నికాన్ ప్రకటనకు ఒకరోజు ముందు, సెప్టెంబర్ 9న, కెనాన్ తన సీ50ని ప్రకటించింది. లోపల ఫ్యాను, ఊడదీసే పిడిలో ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాలు, 7కె సెన్సర్. ధర 3,899 డాలర్లు, అంటే జడ్‌ఆర్‌పై మరో లక్షన్నర. ఆ లక్షన్నర ఉన్నవాళ్లకు అది మేలైన యంత్రం, కానీ ఆ డబ్బుతో కొంటాలో నెలరోజుల షూటింగు ఖర్చు వెళ్లిపోతుంది. బ్లాక్‌మ్యాజిక్ 2024లో తెచ్చిన పిక్సిస్ 6కె ధర ప్రకటించినప్పుడు 2,995 డాలర్లు. బొమ్మ చక్కగా ఉంటుంది. చేతి వణుకును సర్దే యంత్రాంగం లేదు గనుక అడవి బాటలో నడిచేవాళ్లకు పనికిరాదు. 2022లో 1,799 డాలర్లకు వచ్చిన సోనీ ఎఫ్‌ఎక్స్30ని మాత్రం తీసిపారేయలేం. సెన్సర్ చిన్నది, చీకట్లో ఒక మెట్టు వెనకే. కానీ ఫ్యానుంది, ఎక్స్‌ఎల్‌ఆర్ పిడి విడిగా కొని తగిలించుకోవచ్చు. ఎండాకాలంలో తునికాకు మీద, పట్టపగలు, ఇద్దరు ముగ్గురు మాట్లాడే ముఖాముఖిలే సినిమా అయితే జడ్‌ఆర్‌కంటే అదే నమ్మకస్తురాలు. వానాకాలం, శీతాకాలం, రాత్రులు, పండుగలు, నడక, ఒకే మనిషి యూనిట్టు అయితే జడ్‌ఆర్‌ను మించింది ఈ ధరలో లేదు. అదీ రా కోసం కాదు, చీకటి కోసం, శబ్దం కోసం.

2021లో ప్రవీణ్ కండ్రేగుల తీసిన ‘సినిమా బండి’లో పల్లెటూరి ఆటో డ్రైవరుకు ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. ఊరంతా కలిసి సినిమా తీయబోతుంది. కెమెరా దొరకడం అందులో మొదటి పది నిమిషాల కథే. కొంటా కుర్రాడో అమ్మాయో రెండు లక్షలు కూడబెట్టో అప్పు చేసో జడ్‌ఆర్ కొన్నా అంతే. ఎడిటింగుకు డావించీ రిజాల్వ్ ఉచిత రూపం 4కె దాకా సరిపోతుంది. ఆ తర్వాత మిగిలే పెద్ద పని 30 గంటల దోర్లీని మాటమాటా రాసుకుని తెలుగు, హిందీ సబ్‌టైటిళ్లు చేయడం. గంట మాటను విని రాసుకోవడానికి ఓ రోజు పట్టినా నెల గడిచిపోతుంది. అది చేయగల మనుషులు కొంటాలోనో చింతూరులోనో ఉంటారు, రెండు భాషలూ ఇంట్లోనే వచ్చినవాళ్లు. వాళ్ల కూలి డబ్బులు బడ్జెటులో మొదటి రోజే పక్కన పెట్టి, మిగిలినదాంతో ఏ కెమెరా వస్తే అది కొనుక్కోవాలి.